గార్డు నాలుగో కాలు

ఫిజియోథెరపీ చదువుకున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చదువు అయిపోయింది, ఉద్యోగంలో చేరబోతున్నాం, ఏదైనా ఒక మంచి మాట చెప్పండి మేడమ్ అంటారు. నేను వాళ్లకు మా కుక్క సంగతి చెబుతాను. మర్యాద కొద్దీ వింటారు. మొన్న ఒకమ్మాయి మాత్రం ఆగలేక అడిగేసింది.

"మేడమ్, మీరు పేషెంట్ల గురించి చెబుతారనుకున్నాం."

"పేషెంట్ల గురించే చెబుతున్నానమ్మా" అన్నాను.

ఆ అమ్మాయికి ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని కుదురుగా కూర్చుని ఇక్కడ రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, డిపార్టుమెంటుకు ఏ మిషన్ ఎప్పుడు కొన్నారు లాంటివి ఇందులో ఉండవు. అవి ఎవరికీ పనికిరావు.

నేను చేరిన చోటు

మా నాన్నగారిది భీమవరం పక్క పల్లె. రైల్వే ఉద్యోగం ఆయన్ను రాయపూర్ తెచ్చింది, నేను ఇక్కడే పెరిగాను. విశాఖలో ఫిజియోథెరపీ చదివి తిరిగి వచ్చేసరికి కొత్త రాష్ట్రం ఏర్పడింది. ఊరు రాజధాని అయింది. ఎటు చూసినా ఇటుకలు, ఇసుక, కొత్త బోర్డులు. భన్‌పురి వెళ్లే దారిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. అక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువగా సిల్తారా ఇనుము ఫ్యాక్టరీల కార్మికులు, భన్‌పురి లారీ డ్రైవర్లు, హమాలీలు, రైసుమిల్లుల్లో బస్తాలు మోసే ఆడవాళ్లు. విరిగిన కాళ్లు, నలిగిన చేతులు, పక్షవాతాలు.

నా పేరు సువార్త. మా చర్చిలో ప్రతి రెండో ఇంట్లో ఉండే పేరు. ఇక్కడివాళ్ల నోట్లో అది తిరగదు. చేరిన మొదటి వారంలోనే 'స్వార్థ్ మేడమ్' అయిపోయాను. హిందీలోనూ, తెలుగులోనూ దాని అర్థం ఒకటే కనక ఏడవడానికి కూడా లేదు. "స్వార్థ్ మేడమ్ చాలా మంచిది" అని ఒక ముసలాయన ఇంకో ముసలాయనకు చెబుతుంటే విని నవ్వుకున్న రోజులున్నాయి.

మా పెద్ద డాక్టరు తివారీ సార్. ఎముకల ఆపరేషన్‌లో అంతటి చెయ్యిని నేను మళ్లీ చూడలేదు. పిండి అయిపోయిన మోకాలిని కూడా ఓపికగా పేర్చి నిలబెట్టేవారు. ఆ ఓపిక మొత్తం ఆపరేషన్ థియేటర్లోనే ఖర్చయిపోయేదేమో, వార్డులోకి వచ్చేసరికి చుక్క మిగిలేది కాదు. ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూసేవారు, ఎముక అతుక్కుందనేవారు, "ఇక నడిపించండి" అనేవారు. అతుక్కున్న ఎముక నడవాలి. నడవకపోతే తప్పు పేషెంటుది, లేదంటే నాది.

దాంతో మా డిపార్టుమెంటులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే కేక. "చలో, చలో! కదమ్ బఢావో! అడుగు వెయ్యి, వెయ్యి!" నేనూ అలాగే అరిచేదాన్ని. అరవడమే నా పని అనుకున్నాను. పుస్తకాల్లో కండరాల పేర్లన్నీ చదువుకున్నాను. కానీ పనిలో నాకు రోజూ ఎదురైంది కండరం కాదు, భయం. దాని గురించి మాకు ఎవరూ ఒక్క పాఠం కూడా చెప్పలేదు.

గార్డు రావడం

మేము అప్పుడు రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. మావారు రత్నంగారు వ్యాగన్లు బాగుచేసే షాపులో టెక్నీషియన్. ఒక వానాకాలం పొద్దున మా వీధి మలుపులో ఒక కుక్కపిల్లను ఆటో గుద్దింది. మరీ పిల్ల కాదు, పెరుగుతున్న వయసు. వెనక కుడికాలు వేలాడుతోంది. ఆయన గోనెసంచిలో చుట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ కట్టు కట్టారు. కట్టు విప్పేదాకా ఉంచుకుందామని ఇంటికి తెచ్చారు. ఆ మాట మీద అది మా ఇంట్లో పన్నెండేళ్లు ఉంది.

ఎప్పుడూ అందరికంటే వెనక, కుంటుకుంటూ వచ్చేది. రైలు చివరి పెట్టెలో గార్డు ఉంటాడు కదా, అలా. మావారే 'గార్డు' అని పేరు పెట్టారు.

కట్టు విప్పారు. డాక్టరు కాలు అటూ ఇటూ తిప్పి చూసి, "హడ్డీ జుడ్ గయీ" అన్నాడు. ఎముక అతుక్కుంది, ఇంక తెచ్చే అవసరం లేదు, తీసుకుపొమ్మన్నాడు. మేము సంతోషంగా తెచ్చుకున్నాం. కానీ గార్డు ఆ కాలు కింద పెట్టలేదు. కడుపు కింద ముడుచుకుని మూడు కాళ్ల మీదే తిరిగింది. వారాలు గడిచాయి. కాలు సన్నబడిపోవడం మొదలైంది.

మనుషులను నడిపించడం నా వృత్తి. నా ఇంట్లో కుక్క మూడు కాళ్ల మీద తిరుగుతోంది. పక్కింటివాళ్లు నవ్వేవారు, మావారు కూడా నవ్వేవారు.

పిలవడమే తప్పు

ఆసుపత్రిలో చేసేవన్నీ చేశాను. వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టాను, నూనె రాశాను, కాలు పట్టుకుని నేలకు నొక్కాను. నొక్కినప్పుడల్లా గుర్రుమని మంచం కిందికి దూరేది. కొన్నాళ్లకు నా చేతిలో నూనె సీసా కనిపిస్తే చాలు, మంచం కిందికి పోయేది. కాలు కింద పెట్టడం నేర్చుకోలేదు కానీ, నన్ను చూస్తే పారిపోవడం మాత్రం చక్కగా నేర్చుకుంది.

మావారిది ఇంకో పద్ధతి. భోజనం దగ్గర అది వచ్చి, ఆ కాలు పైకెత్తి, తల వాల్చి చూసేది. "అయ్యో పాపం" అని చపాతీ ముక్క వేసేవారు. పది రోజులు తిరక్కుండా గార్డు, ఆకలేసినా వెయ్యకపోయినా, ఆయన ఎదురుగా నిలబడి కాలు ఇంకాస్త పైకెత్తడం మొదలుపెట్టింది.

"ఏవండీ, మీరు దానికి కుంటడం నేర్పిస్తున్నారు" అన్నాను.

"నేనేం నేర్పించాను? జాలిపడ్డాను, అంతే కదా."

"దానికి ఆ తేడా తెలియదండీ. కాలెత్తితే రొట్టె వస్తుందని తెలుసు."

ఆయన నొచ్చుకున్నారు. నాకూ బాధనిపించింది. ఎందుకంటే ఆయన చేసింది ప్రేమతోనే. నేను నొక్కింది కూడా ప్రేమతోనే. రెండు ప్రేమల మధ్య దాని కాలు గాల్లోనే ఉండిపోయింది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, వెనక గుమ్మంలో కూర్చుని గోంగూర తుంచుతున్నాను. దాన్ని పిలవలేదు, దానివైపు సరిగా చూడలేదు కూడా. అది గడ్డిలో ఏదో వాసన పట్టి, ముక్కు నేలకు ఆనించి, మెల్లగా కదులుతోంది. ఉన్నట్టుండి చూశాను. నాలుగో పాదం నేలకు తగులుతోంది. గట్టిగా కాదు, వేళ్ల చివర మాత్రం. ఒక అడుగు, ఇంకో అడుగు, మళ్లీ.

"గార్డూ!" అని పిలిచాను. అది తలెత్తి, తోకాడించుకుంటూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది, మూడు కాళ్ల మీద.

అప్పుడు అర్థమైంది. పరుగెత్తాలంటే కుక్కకు మూడు కాళ్లు చాలు. మెల్లగా నడవాలంటేనే నాలుగూ కావాలి. ఇన్నాళ్లూ నేను చేసిందేమిటి? ముద్దుగా పిలవడం, అది వేగంగా రావడం, కాలు ఎత్తే ఉండిపోవడం. కాలు పెట్టలేదని మళ్లీ పిలవడం. అది కాలు పెట్టకపోవడానికి సగం కారణం నా పిలుపే.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం. మెడకు తాడు కట్టి, నేనే నత్తలా నడిచేదాన్ని. తాడు బిగిస్తే ఆగిపోయేదాన్ని, తిట్టేదాన్ని కాదు. పాదం నేలకు తగిలిన క్షణంలో మెల్లగా "శభాష్" అని చిన్న ముక్క. ఆ క్షణం దాటిపోతే ఇవ్వకూడదు. ఆలస్యంగా ఇస్తే, ఆ సమయానికి అది వేరే ఏదో చేస్తుంటుంది, దానికే ఇచ్చామనుకుంటుంది. మావారు కూడా మనసు గట్టి చేసుకుని, ఎత్తిన కాలును చూడనట్టు తల తిప్పుకోవడం నేర్చుకున్నారు. పాపం, అది ఆయనకే ఎక్కువ కష్టమైంది.

ఒక్కొక్క రోజు ముందుకంటే వెనక్కే ఎక్కువ పోయేది. వీధిలో ఆటో హారన్ మోగితే మళ్లీ మూడు కాళ్లే. అలాంటి రోజు నేను ముందు దినం చేసిన దానికంటే తక్కువ అడిగి, అది చేయగానే చాలించి, ఇంట్లోకి తీసుకొచ్చేసేదాన్ని. చలికాలం పోయేసరికి గార్డు నాలుగు కాళ్ల మీద నడిచింది. పరుగులో మాత్రం ఎప్పటికీ కొంచెం పక్కకు ఒరిగేది. అది మిగిలిపోయింది.

దిలేశ్వర్

దిలేశ్వర్ సిల్తారా దగ్గర పల్లెటూరివాడు. ముప్పయ్యేళ్లు ఉంటాయేమో. ఇనుము ఫ్యాక్టరీలో ఎత్తు మీద పనిచేస్తూ కిందపడ్డాడు. తొడ ఎముక రెండు ముక్కలైంది. తివారీ సార్ లోపల రాడ్ వేసి బ్రహ్మాండంగా నిలబెట్టారు. ఎక్స్‌రేలో ఎముక నిండుగా అతుక్కుంది. మనిషి మాత్రం ఆ కాలి మీద బరువు వెయ్యడు.

రెండు ఇనుప కడ్డీల మధ్య నిలబెట్టి నడిపిస్తాం కదా, అందులో నిలబెడితే రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని వేలాడేవాడు. భుజాలు చెవుల దాకా లేచేవి. కాలు నేల మీద ఉన్నట్టే ఉండేది, కానీ దాని కింద కాగితం పెట్టి లాగినా వచ్చేస్తుంది. మా వాళ్లందరూ చుట్టూ చేరి "చలో, చలో" అనేవారు. అతని ఒళ్లంతా చెమట పట్టేది.

"నై బనయ్ దీదీ. మోలా డర్ లాగథే" అనేవాడు. నావల్ల కాదు అక్కా, భయమేస్తోంది అని. అతని భార్య రామ్‌బాయి గోడ పక్కన నిలబడి కొంగు నోట్లో కుక్కుకునేది.

ఫ్యాక్టరీ నుంచి ఒక సూపర్‌వైజరు రెండుసార్లు వచ్చాడు. "వీడు ఎప్పుడొస్తాడు? రాడంటే చెప్పండి, ఇంకొకణ్ణి పెట్టుకుంటాం." తివారీ సార్‌కు విసుగెత్తింది. రౌండ్లలో అతని మంచం దగ్గర ఆగి, ఎక్స్‌రే చూసి, "ఇది నాటకం" అన్నారు. ఆ తర్వాత నాతో విడిగా, "మేడమ్, ట్రీట్‌మెంటుకు సహకరించడం లేదని రాసి పంపించేద్దాం" అన్నారు. ఆ ఒక్క మాట కాగితం మీద పడితే అతనికి ఆ ఫ్యాక్టరీలోనే కాదు, సిల్తారాలో ఎక్కడా పని దొరకదు.

నేను ఆ మర్నాడు ఏ వ్యాయామమూ చేయించలేదు. గోంగూర తుంచినప్పుడు ఎలా కూర్చున్నానో అలా కూర్చోవాలనుకున్నాను. పొద్దున్నే వార్డుకు వెళ్లి, నాలుగు మంచాల అవతల ఒక తాతగారి మోకాలు చూస్తున్నట్టు కూర్చున్నాను. అతను ఎప్పుడు కాలు పెట్టడం లేదో నాకు తెలుసు. ఎప్పుడైనా పెడుతున్నాడా అన్నది చూడాలి.

దిలేశ్వర్ లేచాడు. మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు. లుంగీ జారుతోంది. రెండు చేతులూ వదిలేసి, లుంగీ అంచులు సర్దుకుని, ముడి బిగించి కట్టుకున్నాడు. కట్టుకున్నంతసేపూ రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి ఉన్నాడు. బరువు సమానంగా ఉంది. తర్వాత ఊతకర్ర అందుకున్నాడు, కాలు మళ్లీ గాల్లోకి లేచింది.

"దానికి ఏం లాభం?"

చూసింది సార్‌కు చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చెబితే నాటకమన్న మాటకు నేనే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. చెప్పకపోతే, అతన్ని నడిపించే దారి దొరికిందని ఎలా చెప్పాలి? చివరికి ఆయన గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన బల్ల మీద చేత్తో కొట్టారు. "దేఖా? చూశారా? నేను చెప్పలేదూ! లుంగీ కట్టుకోవడానికి నిలబడగలడు కానీ నడవలేడా?"

"సార్, మా ఇంట్లో ఒక కుక్క ఉంది" అన్నాను.

"ఏమిటి?"

మొత్తం చెప్పాను. ఎముక అతుక్కున్న సంగతి, మూడు కాళ్లు, గడ్డి, అంతా. ఆయన కళ్లజోడు తీసి నావైపే చూశారు.

"నా పేషెంటును మీ కుక్కతో పోలుస్తున్నారా?"

"పోల్చడం లేదు సార్. కుక్క నాటకం ఆడదు, అంతే చెబుతున్నాను. మా కుక్కకు సెలవు అక్కర్లేదు, నష్టపరిహారం రాదు. కాలెత్తి తిరిగితే దానికి ఏం లాభం? అయినా నెలల తరబడి ఎత్తే తిరిగింది. నొప్పి పోయినా ఒంటికి భయం గుర్తుంటుంది సార్. మనసు వేరే పనిలో ఉన్నప్పుడు మాత్రం మరిచిపోతుంది. లుంగీ కట్టుకునేటప్పుడు అతను మరిచిపోయాడు."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుంటూ అన్నారు, "ఒక వారం. అంతకంటే ఆ సూపర్‌వైజరును నేను ఆపలేను."

చాలామంది తివారీ సార్‌ను కోపిష్టి అనేవారు. నిజమే. కానీ తన కింద పనిచేసే మనిషి ఎదురుగా నిలబడి కుక్క కథ చెబితే పూర్తిగా విన్న పెద్ద డాక్టర్లు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు.

దుప్పట్లు

కడ్డీల దగ్గరికి తీసుకెళ్లడం మానేశాను. 'నడక' అన్న మాట ఎవరూ అనకూడదని మా వాళ్లకు చెప్పాను. అతని రెండు చేతులకూ ఏదో ఒక పని కావాలి. మా ఆసుపత్రిలో ఎప్పటికీ తరగని పని ఒకటి ఉంది. ఉతికి వచ్చిన దుప్పట్లు మడత పెట్టడం.

దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరుండాలి. అంచులు పట్టుకుని దూరంగా నిలబడాలి, లాగి దులపాలి, మడతకోసం ఒకరి దగ్గరికి ఒకరు రావాలి, మళ్లీ వెనక్కి జరగాలి. అటు రామ్‌బాయిని నిలబెట్టాను, ఇటు దిలేశ్వర్‌ను. అతని వీపు వెనకే మంచం ఉండేలా చూశాను, భయమేస్తే కూర్చోవచ్చని.

"ఈ పని మాకెందుకు దీదీ?" అని రామ్‌బాయి అడిగింది.

"వార్డు ఆయమ్మకు ఇవాళ ఒంట్లో బాగాలేదు, కాస్త సాయం చెయ్యండి" అన్నాను. ఆయమ్మ బాగానే ఉంది. తలుపు పక్కన నిలబడి ఈ మాట విని నోరు మూసుకుంది.

మొదటి రోజు అతను నిలబడి అంచులు పట్టుకున్నాడు, అంతే. భార్యే వచ్చి వెళ్లింది. మరుసటి రోజు ఆమెను కొంచెం వెనక్కి నిలబెట్టాను. అతను వంగి అందించాడు. వంగితే చాలలేదు, ఒక అడుగు వేశాడు. వాళ్లు ఊరి సంగతులు మాట్లాడుకుంటున్నారు. ఎవరి గేదె ఈనిందో, మామగారు ఎవరితో పోట్లాడాడో. నేను అటు తిరిగి కిటికీ అద్దంలో చూస్తున్నాను. ఒక అడుగు ముందుకు, ఒకటి వెనక్కి. ఇంకో దుప్పటి. ఇంకో అడుగు.

ఇంకో రోజు అతను రెండడుగులు వేసి ఆమె చేతుల్లో అంచులు పెట్టాడు. రామ్‌బాయి చూసేసింది. ఆపుకోలేకపోయింది.

"తైఁ తో రేంగత్ హస్!" అని అరిచింది. నువ్వు నడుస్తున్నావయ్యా!

అతను కిందికి, తన కాలివైపు చూసుకున్నాడు. దుప్పటి చేతుల్లోంచి జారిపోయింది. తూలి మంచం మీద పడ్డాడు. రెండు చేతులతో తొడ పట్టుకున్నాడు. ఆ రోజుకు మళ్లీ లేవలేదు.

రామ్‌బాయి వరండాలో కూర్చుని ఏడ్చింది. "నేనే చెడగొట్టాను" అంది. నేను ఆమె పక్కన కూర్చుని, గుమ్మంలో గోంగూర తుంచుతూ గార్డును చూసి నేను వేసిన కేక సంగతి చెప్పాను. "నీ చోట నేనున్నా అలాగే అరిచేదాన్ని. నిజానికి అరిచాను కూడా. రేపు మళ్లీ చేద్దాం. ఇవాళ్టికంటే తక్కువ చేద్దాం" అన్నాను.

మర్నాడు అతన్ని కూర్చోబెట్టి దిండు గలీబులు మాత్రం మడత పెట్టించాను. ఆ తర్వాత నిలబెట్టాను. ఆ తర్వాత మళ్లీ దుప్పట్లు. అలా మడత పెడుతూనే ఒకసారి అతను తనంతట తానే నోరు విప్పాడు. పడిపోయినప్పుడు తన కాలు వంకరగా, వెనక్కి తిరిగి పడి ఉండటం చూశాడట. "అది నా కాలు కాదనిపించింది దీదీ. ఎవరిదో తెచ్చి నాకు తగిలించినట్టుంది. ఎవరిదో కాలి మీద ఎలా నిలబడను?"

ఇన్ని వారాల్లో మేమెవరం ఆ ప్రశ్న అడగలేదు. "చలో" అన్నాం కానీ "ఏం చూశావు" అనలేదు.

వారం ముగిసిన రోజున తివారీ సార్ వచ్చారు. నేను కిటికీ దగ్గరున్నాను. ఆయన గుమ్మం దాకా వచ్చి, లోపల దుప్పటి చాచి పట్టుకున్న ఇద్దరినీ చూసి ఆగిపోయారు. వెనక వస్తున్న జూనియర్లను చెయ్యి అడ్డుపెట్టి ఆపారు. దిలేశ్వర్ నాలుగడుగులు వేసి భార్య చేతికి అంచులిచ్చి, నాలుగడుగులు వెనక్కి వచ్చాడు. సార్ లోపలికి రాలేదు. వచ్చిన దారినే వెళ్లిపోయి, సూపర్‌వైజరుకు ఫోను చేసి ఇంకా గడువు కావాలన్నారు.

దిలేశ్వర్ ఊతకర్రతో ఇంటికి వెళ్లాడు, కొన్నాళ్లకు కర్ర లేకుండా వచ్చి చూపించాడు. ఎత్తు మీదికి మాత్రం మళ్లీ ఎక్కలేదు. ఎక్కమని నేనూ చెప్పలేదు. ఫ్యాక్టరీవాళ్లు మొదట గొణిగినా, గేటు దగ్గర పని ఇచ్చారు.

అయితే ప్రతిసారీ కాదు

ఈ కథ ఇక్కడితో ఆపితే మీరు తప్పు పాఠం పట్టుకుపోతారు. ఓపిక పడితే అన్నీ కుదురుతాయని అనుకుంటారు. కుదరవు.

కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. పేషెంటు చెయ్యనిదాన్ని లెక్కపెట్టడం తేలిక. చేసే ఒక్క చిన్న పని ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఎదుట చేస్తున్నాడో వెతకండి. మీ గొంతు అతనికి సాయమా, అడ్డమా అని చూసుకోండి. ఇంటివాళ్ల జాలిని తిట్టకండి, దాన్ని సరైన క్షణానికి మళ్లించండి. బాగా జరిగిన రోజున ఇంకొంచెం అని ఆశపడకుండా అక్కడే ఆపండి. ఇవన్నీ చేశాక కూడా ఒక్కోసారి ఏమీ జరగదు. ఆ రోజుకు కూడా సిద్ధంగా ఉండండి.

వరలక్ష్మిగారిది విజయనగరం వైపు. మావారి వ్యాగన్ షాపులోనే పనిచేసి రిటైరైన ఒకాయన భార్య. ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టేవారు. మా రైల్వే కాలనీలో సగం మంది ఆడవాళ్ల కొలతలు ఆవిడకు నోటికి వచ్చు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆసుపత్రికి రాలేరు కనక డ్యూటీ అయ్యాక నేనే వాళ్లింటికి వెళ్లేదాన్ని.

నాకు తెలిసినవన్నీ చేశాను. చేతికి పనులు వెతికాను. బఠాణీలు ఒలవమన్నాను, గుడ్డ మీద చెయ్యి ఉంచి జరపమన్నాను, ఎడమచెయ్యికి గుడ్డ చుట్టి కుడిచెయ్యినే వాడమన్నాను. దిలేశ్వర్‌కు దుప్పటి ఎలా దొరికిందో అలా ఈవిడకూ ఏదో ఒకటి దొరుకుతుందనుకున్నాను. వానాకాలం పోయింది, చలికాలం పోయింది. వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. ఆ చేతికి భయం పట్టలేదు. దానికి కబురు అందించే దారే తెగిపోయింది. ఆ తేడా నా చదువు నాకు ముందే చెప్పింది. దిలేశ్వర్ నడిచిన ఆనందంలో నేను వినిపించుకోలేదు.

ఒకరోజు సాయంత్రం ఆవిడ బఠాణీల పళ్లెం పక్కకు జరిపేశారు.

"అమ్మా సువార్తా, నిజం సెప్పు. ఈ సెయ్యి ఇంక రాదు కదా?"

ఆసుపత్రిలో ఇలాంటి ప్రశ్నకు మేమంతా "ఇంకా చూద్దాం" అనేవాళ్లం. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. ఆవిడ ముఖం చూశాక అనలేకపోయాను.

"రాదండీ" అన్నాను. "భుజం కొంచెం కదులుతుంది. మోచెయ్యి కొంచెం. వేళ్లు రావు."

ఆవిడ కిటికీ బయటికి చూశారు. మేడ మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. నేను లేచి వెళ్లాలో, కూర్చోవాలో తెలియలేదు. నా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు ఒచ్చీదానివే?"

"వస్తుందేమోనని."

"ఊఁ." ఆవిడ ఎడమచేత్తో కుడిచెయ్యిని ఎత్తి, నిద్రపోతున్న పసిదాన్ని పడుకోబెట్టినట్టు ఒళ్లో పెట్టుకున్నారు. "ఇన్నాళ్లూ ఈ సెయ్యి కోసం ఒచ్చినావు. రేపట్నుంచి నా కోసం రా."

మర్నాడు డ్యూటీ అయ్యాక వెళ్లాను. నూనె సీసా, బఠాణీలు, గుడ్డలు ఏవీ పట్టుకెళ్లలేదు. ఆవిడ ఎడమచేత్తో టీ పెట్టారు, సగం పొయ్యి మీద ఒలికింది. మిగిలిన సగం ఇద్దరం తాగాం.